కొత్త ప్లగ్గులు వేశాక ట్రక్కు మిస్సింగ్ కొడుతుంటే: ఫోర్డ్ ఎఫ్-150, 5.4 ట్రైటన్ ఇంజన్

మన దగ్గర లారీ అంటే డీజిలే. డీజిల్ ఇంజన్‌లో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, స్పార్క్ ప్లగ్గుతో పనే లేదు. అందుకే ‘ట్రక్కుకి ప్లగ్గులు మార్చాక మిస్సింగ్ మొదలైంది’ అని అమెరికా నుంచి బావమరిది ఫోన్ చేస్తే ఇక్కడి మెకానిక్ కూడా ఒక్క క్షణం తటపటాయిస్తాడు. అక్కడ ట్రక్కంటే చాలావరకు పెట్రోలు పికప్పే. షాపులో కూలీకి గంటల లెక్కన కట్టాలి కాబట్టి పాత బండి కొన్నవాళ్లు ప్లగ్గుల్లాంటి పనులు ఇంటి ముందే చేసుకుంటారు. పని అయ్యాక కీ తిప్పితే ఇంజన్ వణుకుతుంది. అక్కడ మొదలవుతుంది అసలు తంటా.

ఇక్కడ ఒక్క ఇంజన్‌నే పట్టుకుందాం. 2004 మోడల్ నుంచి ఎఫ్-150లో వచ్చిన 5.4 లీటర్ల ట్రైటన్ వీ8, సిలిండరుకు మూడు వాల్వులది. ఎక్స్‌పెడిషన్‌లో, లింకన్ నావిగేటర్‌లో ఉన్నదీ ఇదే. ప్లగ్గుల విషయంలో దీనంత చెడ్డపేరు తెచ్చుకున్న ఇంజన్లు అరుదు, కాబట్టి పాఠానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

మిస్సింగ్, అంటే మిస్‌ఫైర్, సిలిండరులోకి వెళ్లిన గాలి, పెట్రోలు మిశ్రమం వేళకు అంటుకోకపోవడం. ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌లో క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ప్రతి 90 డిగ్రీలకూ ఒక సిలిండరు తోపుడు అందుకుంటుంది. ఒకటి తొయ్యకపోతే క్రాంకు వేగం రవ్వంత పడుతుంది. క్రాంకు సెన్సరు ద్వారా కంప్యూటరు ఆ కుంటుడును పసిగట్టి, ఏ సిలిండరు వంతులో పడిందో చూసి తప్పును సూచించే కోడ్ రాస్తుంది. కంప్యూటరు నేరుగా నిప్పురవ్వను చూడటం లేదు, క్రాంకు నడకను మాత్రమే చూస్తోంది. ఇది గుర్తుంచుకోవాలి. ఎందుకంటే పీ0303 అన్న కోడ్ ‘మూడో ప్లగ్గు పాడైంది’ అని చెప్పదు. ‘మూడో సిలిండరు తొయ్యలేదు’ అని మాత్రమే చెబుతుంది. రవ్వ లేకా, పెట్రోలు అందకా, కంప్రెషన్ (గాలిని నొక్కిన ఒత్తిడి) నిలవకా అన్నది మనం తేల్చుకోవాల్సిందే.

ముందు లైటు చూడండి

చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికి పోవచ్చు. టపటపా మెరుస్తుంటే మాత్రం బండి ఆపాలి. కాలని పెట్రోలు ఎగ్జాస్టులోకి పోయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరులో మండుతోందని దాని అర్థం. కన్వర్టరు లోపలి పింగాణీ జల్లెడ ఆ వేడికి కరిగిందంటే దాని ఖర్చు ముందు ఎనిమిది ప్లగ్గులు, ఒక్కో ప్లగ్గు మీద కూర్చుని దానికి హై వోల్టేజీ అందించే ఎనిమిది కాయిళ్ల ఖర్చు ఏపాటిది? ‘నాలుగు మైళ్లు తోలితే అదే సర్దుకుంటుంది’ అనే సలహా వినకండి.

తర్వాత కోడ్లు చదివే స్కానర్ పెట్టండి. పీ0300 అంటే ఒక సిలిండరని తేల్చలేని మిస్‌ఫైర్. పీ0301 నుంచి పీ0308 వరకు సిలిండరు అంకెతో వస్తాయి. పీ0316 ఫోర్డుల్లో తరచూ తోడుగా కనిపిస్తుంది, స్టార్టు చేసిన మొదటి వెయ్యి చుట్లలోనే మిస్సయిందని దాని భావం. పీ0351 నుంచి పీ0358 వస్తే సంగతి వేరు: అవి కాయిల్ ప్రైమరీ సర్క్యూట్‌వి. అంటే కనెక్టరు, వైరు, లేదా కాయిల్ లోపలి చుట్ట. ప్లగ్గు మార్చిన సాయంత్రమే పీ0354 వచ్చిందంటే నూటికి తొంభై పాళ్లు నాలుగో కాయిల్ కనెక్టరు సరిగా కూర్చోలేదు, ముందు అదే చూడండి.

సిలిండర్ల అంకెలు తప్పుగా లెక్కపెట్టి మంచి కాయిల్‌ని పీకినవాళ్లు చాలామంది. ఫోర్డు లెక్క ఇది: ప్రయాణికుడి వైపు వరసలో రేడియేటరు దగ్గర్నుంచి వెనక్కి 1, 2, 3, 4. డ్రైవరు వైపు అలాగే ముందు నుంచి వెనక్కి 5, 6, 7, 8. అమెరికాలో డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు కాబట్టి మన అలవాటుకు ఇది తిరగబడి ఉంటుంది. ఫైరింగ్ ఆర్డరు 1-3-7-2-6-5-4-8. చెవీ (షెవర్లే) లెక్క దీనికి పూర్తిగా వేరు, దాని సంగతి చివర్లో.

ఎప్పుడు మొదలైంది?

కొనాల్సిన సామాను జాబితా రాసుకునే ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ప్లగ్గులు వేశాక మొదటిసారి స్టార్టు చేసినప్పుడే వణికిందా? రెండు రోజులు బాగా నడిచి, తర్వాతా? లేక అసలు మిస్సింగ్ ఉండబట్టే ప్లగ్గులు మార్చారా, అది పోలేదా?

మొదటి క్షణం నుంచీ అయితే చెయ్యి తగిలిన చోటే తప్పుంది. నిన్నటిదాకా నడిచిన ఇంజెక్టరు (సిలిండరుకు పెట్రోలు చిమ్మేది) సరిగ్గా మీరు పానా పట్టిన రోజే చచ్చిపోవడం కాకతాళీయంగా జరగొచ్చు గానీ, దాని మీద పందెం కట్టలేం. రెండు రోజుల తర్వాతయితే కాయిల్‌ను ప్లగ్గుకు కలిపే రబ్బరు తొడుగు (బూటు), ప్లగ్గు పింగాణీకి పడిన సన్నని బీట, వదులైన ప్లగ్గు ముందు వరసలో ఉంటాయి. మూడో రకమైతే ప్లగ్గులు నేరస్తులు కావు, రోగం ఇంకెక్కడో ఉంది.

చెయ్యి తగిలిన చోట్లను వరసగా చూద్దాం. కాయిల్ కనెక్టర్లు ఇరవై ఏళ్ల నాటివి. ఇంజన్ వేడికి ప్లాస్టిక్ అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది, తాళం నాలుక తీసేటప్పుడే పుటుక్కుమంటుంది. నాలుక విరిగిన కనెక్టరు చూడటానికి కూర్చున్నట్టే ఉంటుంది, ఇంజన్ ఊపుకి అరమిల్లీ వెనక్కి జారుతుంది. ప్రతిదాన్నీ నొక్కి, ‘టిక్’ వినిపించాక, వెనక్కి ఒకసారి మెల్లగా లాగి చూడండి. జారితే కొత్త కనెక్టరు వైరు ముక్కతో సహా పార్ట్స్ దుకాణాల్లో దొరుకుతుంది. జిప్ టై కట్టి వదిలేయడం రేపటిదాకా పనికొస్తుంది, వానాకాలం దాకా కాదు.

కాయిల్ పక్కనే ఇంజెక్టర్ల కనెక్టర్లున్నాయి. వెనక ఉన్న 4, 8 సిలిండర్ల దగ్గర చెయ్యి దూర్చడానికి జాగా ఉండదు, మోచెయ్యి ఆనించడానికి వైర్ల గుత్తిని పక్కకు నెడతాం. కాయిల్ సరిగ్గా పెట్టి, పక్కన ఊడిన ఇంజెక్టరు కనెక్టరును చూడకపోవడం చాలా మామూలు తప్పు. స్టార్టు చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఒక్కో ఇంజెక్టరు మీద ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే ‘టకటక’ వినిపించాలి. వినిపించనిది పని చెయ్యడం లేదు.

గాలి గొట్టం ఇంకోటి. ప్లగ్గుల పనికి ఎయిర్ ఫిల్టరు పెట్టె నుంచి థ్రాటిల్ దాకా ఉన్న లావు గొట్టాన్ని చాలామంది తీస్తారు. ఆ చుట్టుపక్కల ఉన్న పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి పంపేది), బ్రేక్ బూస్టరు గొట్టం, వాటి రబ్బరు మోచేతులు పగిలినా ఊడినా కొలతకు అందని గాలి లోపలికి పోతుంది. గాలిని కొలిచే మాఫ్ సెన్సరు ఫిల్టరు పెట్టె దగ్గరే ఉంది కాబట్టి దాని తర్వాత దూరిన గాలి లెక్కలోకి రాదు, పెట్రోలు తక్కువ పడుతుంది. గుర్తు ఏమిటంటే ఐడిల్‌లో (యాక్సిలరేటరు తొక్కనప్పుడు) వణుకు ఎక్కువ, రేస్ చేస్తే తగ్గుతుంది, పీ0171, పీ0174 కోడ్లు జంటగా వస్తాయి. ఒకే సిలిండరు మిస్సవుతుంటే మాత్రం ఈ దారిలో వెతకొద్దు.

ఈ ఇంజన్ ప్లగ్గు వేరే జాతి

మామూలు ప్లగ్గులో మర చివర్నే ఎలక్ట్రోడు ఉంటుంది. తొలి ఏళ్ల మూడు వాల్వుల ట్రైటన్‌లో మర దాటాక అంగుళానికి పైగా సన్నటి ఉక్కు గొట్టం కిందికి సాగి ఉంటుంది. ఆ గొట్టాన్ని పై భాగానికి అంచు నొక్కి బిగించారు, ఒకే ముక్కగా చెయ్యలేదు. హెడ్డు (సిలిండర్ల పై మూత) రంధ్రానికీ ఆ గొట్టానికీ మధ్య మసి చేరి సిమెంటులా గట్టిపడుతుంది. విప్పేటప్పుడు పై ముక్క తిరిగి బయటికొస్తుంది, కింది గొట్టం హెడ్డులోనే ఉండిపోతుంది. 2007 చివర్నుంచి తయారైన ఇంజన్లలో హెడ్డునే మార్చి ఈ ప్లగ్గుకు స్వస్తి చెప్పారు. పాత రకం కాయిళ్ల బూట్లు గోధుమ రంగులో, కొత్తవాటివి నల్లగా ఉంటాయి, గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు. రెండు రకాల ప్లగ్గులూ ఒకదాని బదులు ఒకటి పనికిరావు.

దీనికీ మిస్సింగ్‌కూ సంబంధం ఏమిటంటే, ప్లగ్గును విరగకుండా తియ్యడానికి చేసిన పనులే తర్వాత మిస్సింగ్ తెప్పిస్తాయి. ఫోర్డు 2008లో డీలర్లకు పంపిన సర్వీసు బులెటిన్ చెప్పిన పద్ధతి ఇది. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ప్లగ్గు గుంటను గాలితో ఊది శుభ్రం చెయ్యాలి. ప్లగ్గును పావు చుట్టుకు మించకుండా వదులు చెయ్యాలి. కార్బురేటర్ క్లీనర్ అర నుంచి ముప్పావు టీస్పూను పొయ్యాలి. కనీసం 15 నిమిషాలు నాననివ్వాలి. తర్వాత చేతి పానాతోనే బిగిస్తూ, వదులు చేస్తూ మెల్లగా తియ్యాలి. గాలితో నడిచే ఇంపాక్ట్ గన్నుతో విప్పకూడదు. ఇందులో ఎక్కువమంది పాటించనిది టీస్పూను లెక్క. ‘ఎంత నానితే అంత మంచిది’ అని డబ్బా సగం పోసి రాత్రంతా వదిలేస్తారు. అదంతా మర సందుల్లోంచి సిలిండరులోకి దిగుతుంది.

అలా దిగిన ద్రవం మూడు పనులు చేస్తుంది. మరీ ఎక్కువైతే పిస్టను పైకి రాలేక ఇంజన్ ఆగిపోతుంది, ద్రవం గాలిలా నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. కొంచెమైతే సిలిండరు గోడ మీది ఆయిలు పొర కడుక్కుపోయి కంప్రెషన్ తాత్కాలికంగా పడిపోతుంది. మసి కలిసిన ఆ ద్రవం కొత్త ప్లగ్గు మొనను తడిపేస్తే రవ్వ ఎలక్ట్రోడ్ల మధ్య దూకకుండా తడి పింగాణీ మీద జారిపోతుంది. మొదటి స్టార్టులో తెల్లటి పొగ, రెండు మూడు సిలిండర్ల మిస్సింగ్, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుముఖం: ఇది ఆ ద్రవం లక్షణం. తగ్గుతుంటే కాసేపు చూడండి. తగ్గకపోతే ప్లగ్గు తీసి ఆరబెట్టాలి.

ఈ తలనొప్పి రాకుండా ఉండాలంటే కొత్త ప్లగ్గులు వేసేముందే, కాయిళ్లన్నీ విప్పి ఉండగా, గుంటల మీద గుడ్డ కప్పి, యాక్సిలరేటరు నేలకు తొక్కి పట్టి నాలుగైదు సెకన్లు క్రాంక్ చెయ్యాలి. అలా తొక్కిపట్టినప్పుడు కంప్యూటరు ఇంజెక్టర్లను ఆపేస్తుంది, ఉన్న ద్రవం గుంటల్లోంచి ఎగిరి బయట పడుతుంది. ముఖం బానెట్ కింద పెట్టకండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ప్లగ్గు విరిగి ఉంటే ఇంకో లెక్క ఉంది. గొట్టం లోపలి పింగాణీ కూడా ముక్కలవుతుంది. లైల్ 65600 లాంటి పనిముట్టు ముందు ఆ పింగాణీని కిందికి తోసి, గొట్టంలో మర కోసి, దాన్ని పట్టుకుని పైకి లాగుతుంది. పింగాణీ ముక్కలు సిలిండరులో పడ్డాయా లేదా అన్నది చూడకుండా కొత్త ప్లగ్గు వేసేసి ఉంటే, సరిగ్గా ఆ సిలిండరుకే మిస్సింగ్ వస్తే, మళ్లీ కాయిళ్ల చుట్టూ తిరగడం వృథా. వాల్వు సీటు మీద చిన్న ముక్క ఇరుక్కుంటే చాలు, వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ నిలవదు. ఫోన్‌కు తగిలించే చిన్న బోర్‌స్కోప్ కెమెరా ప్లగ్గు రంధ్రంలోంచి దించి చూడటం పది నిమిషాల పని.

కొత్తది వేసేటప్పుడు జరిగే పొరపాట్లూ తక్కువేం కాదు. యాంటీ సీజ్ (లోహాలు పట్టేయకుండా రాసే లేపనం) రాయమన్నారు కదా అని వేలితో తీసి మర నిండా, మొన నిండా పూస్తారు. బులెటిన్ చెప్పింది నికెల్ యాంటీ సీజ్‌ను ఆ ఉక్కు గొట్టం పైతలానికి పలచని పొరగా రాయమని, ఎలక్ట్రోడు మొనకు తగలనివ్వొద్దని. నికెల్ లోహం, కరెంటును పారిస్తుంది. మొన మీద పడితే రవ్వకు అడ్డదారి దొరికినట్టే. మరకు రాస్తే జారుడు పెరిగి, బిగింపు కొలిచే టార్క్ పానా 25 చూపించినా నిజంగా పడే బిగింపు అంతకంటే ఎక్కువ ఉంటుంది.

బిగింపు 25 ఫుట్ పౌండ్లు, మెట్రిక్‌లో 34 న్యూటన్ మీటర్లు. సాకెట్ సైజు 9/16 అంగుళం, మామూలు 5/8 ప్లగ్గు సాకెట్ ఇక్కడ వదులుగా తిరిగి ప్లగ్గును పక్కకు నెడుతుంది. ఆ పక్క ఒత్తిడికే పింగాణీ చిట్లుతుంది. కంటికి కనపడని ఆ వెంట్రుకవాసి బీటే చాలాసార్లు ‘కొత్త ప్లగ్గు పనిచెయ్యలేదు’ అన్న ఫిర్యాదుకు మూలం. గచ్చు మీద పడిన ప్లగ్గు ఎంత బాగా కనిపించినా వాడొద్దు. మల్టీమీటరుతో పై కొననుంచి మధ్య ఎలక్ట్రోడుకు కొలిస్తే వేలల్లో ఓమ్‌లు రావాలి, అది లోపలి రెసిస్టరు. అంకె రాకుండా ఓపెన్ చూపిస్తే అది చెత్తబుట్టకే. బీటను మాత్రం మల్టీమీటరు పట్టుకోలేదు.

గ్యాపు 0.040 నుంచి 0.050 అంగుళం, అంటే సుమారు 1.0 నుంచి 1.3 మిల్లీమీటర్లు. పెట్టెలోంచి సరైన గ్యాపుతోనే వస్తుంది, కొలిచి చూస్తే చాలు. నాణెంలాంటి గేజీని దూర్చి తిప్పడం వద్దు, మధ్య ఎలక్ట్రోడు మీది ప్లాటినం ముక్క ఊడుతుంది. తీగ గేజీ వాడండి.

ఐడిల్‌లో బాగుంటుంది, ఎత్తెక్కితే మిస్సవుతుంది

ఈ ఫిర్యాదు అన్నింటికంటే ఎక్కువగా వచ్చేది, అన్నింటికంటే ఎక్కువగా గేరుబాక్సు మీదికి నెట్టేది కూడా. గంటకు 45 మైళ్ల దగ్గర, ఇంజన్‌ను గేరుబాక్సుకు కలిపే టార్క్ కన్వర్టరు లాకై, ఇంజన్ 1,400 చుట్ల దగ్గర నిమ్మళంగా లాగుతున్నప్పుడు, గరుకు రోడ్డు మీద వెళుతున్నట్టు సన్నటి వణుకు. చిన్న ఎత్తు రాగానే పెరుగుతుంది. కంప్యూటరు ఆ నాలుగైదు మిస్సులను లెక్కపెడుతుంది గానీ లైటు వెలిగించే హద్దు దాటదు. దాంతో కోడ్ లేదు కాబట్టి ఇంజన్ బాగుందని, గేరు ఆయిలు మార్చేస్తారు.

లోడు మీద ఎందుకు? థ్రాటిల్ తెరిచేకొద్దీ సిలిండరులో ఎక్కువ గాలి నిండి, నొక్కినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి ఎక్కువైన గాలిలోంచి రవ్వ దూకాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. కాయిల్ ఆ వోల్టేజీని పెంచుకుంటూ పోతుంది. ఎలక్ట్రోడ్ల మధ్య దూకడం కంటే బూటు రబ్బరులోని చీలికలోంచి హెడ్డు లోహంలోకి దూకడం తేలికయిన క్షణాన రవ్వ అటు పోతుంది. ఐడిల్‌లో ఈ పోటీయే రాదు.

ఇక్కడో తికమక ఉంది. కొత్త ప్లగ్గు అంచులు పదునుగా ఉంటాయి, గ్యాపు అరిగి ఉండదు, కాబట్టి దానికి పాతదానికంటే తక్కువ వోల్టేజీ చాలు. అలాంటప్పుడు ప్లగ్గు మార్చాక లోడు మిస్సింగ్ తగ్గాలి గానీ కొత్తగా ఎందుకొస్తుంది? కారణం బూటు. పదేళ్లు ఒకే చోట ప్లగ్గుకు అతుక్కుపోయిన రబ్బరును లాగినప్పుడు లోపలి అంచు చిరుగుతుంది, లోపలి స్ప్రింగు సాగుతుంది లేదా కిందే ఉండిపోతుంది. పైకి ఏమీ కనపడదు. బూటును విప్పి, మడిచి, టార్చి వేసి చూస్తే లోపల పెన్సిలుతో గీసినట్టు నల్లటి సన్న గీత కనిపిస్తుంది. అది రవ్వ పాకిన దారి, కార్బన్‌గా మారిన రబ్బరు. తుడిస్తే పోదు. ఎదురుగా ప్లగ్గు తెల్ల పింగాణీ మీద కూడా అదే గీత ఉంటుంది.

అందుకే గీత కనిపిస్తే బూటు, ప్లగ్గు రెండూ జంటగా మార్చాలి. పాత గీతలున్న బూటును కొత్త ప్లగ్గుకు తొడిగితే రవ్వ పాత దారే పడుతుంది, వారం తిరక్కుండా కొత్త పింగాణీ మీదా గీత పెడుతుంది. ఈ ఇంజన్‌కు బూటు, స్ప్రింగు విడిగా అమ్ముతారు. ఎనిమిది బూట్లూ ప్లగ్గులతోపాటే మార్చేయడం మా దృష్టిలో తెలివైన ఖర్చు. ఎనిమిది కాయిళ్లూ మార్చేయడం మాత్రం గోటితో పోయేదానికి గొడ్డలి. అందులోనూ ఆన్‌లైన్‌లో చవకగా దొరికే పేరులేని ఎనిమిది కాయిళ్ల సెట్టు కొత్త మిస్సింగులను డబ్బిచ్చి తెచ్చుకోవడమే.

బూటు లోపలి అంచున అర సెంటీమీటరు మేర డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా రాయాలి. అది కరెంటును పారించదు, రబ్బరు అతుక్కోకుండా, తేమ దూరకుండా చూస్తుంది. కూరితే మాత్రం లోపల గాలి బంధించబడి బూటు పైకి తన్నుకొస్తుంది. గుంటలో నీళ్లున్నా ఇవే లక్షణాలు: ఇంజన్‌ను ప్రెషర్ వాటర్‌తో కడిగిన మర్నాడు మొదలైందంటే ముందు కాయిల్ తీసి గుంటలోకి టార్చి వెయ్యండి.

జాగా మార్చి చూడటం

ఏ సిలిండరో తెలిసింది, కంటికి ఏమీ కనపడలేదు. ఇక సామాను కొనకుండా తేల్చే మార్గం ఒక్కటే, అనుమానం ఉన్నదాన్ని వేరే సిలిండరుకు మార్చి మిస్సింగ్ వెంట పోతుందా చూడటం. మూడో సిలిండరు మిస్సవుతోందనుకుందాం. దాని కాయిల్‌ను బూటుతో సహా తీసి, చెయ్యి తేలికగా అందే ఐదో సిలిండరుకు పెట్టండి, ఐదోదాన్ని మూడుకు. కాయిల్ బోల్టు 7 మిల్లీమీటర్లది. ఇంకేమీ ముట్టుకోవద్దు. కోడ్లు తుడిచి, మిస్సింగ్ ఏ పరిస్థితిలో వస్తుందో అదే పరిస్థితిలో తోలండి. పీ0305 వస్తే కాయిలో బూటో. అప్పుడు బూట్లు మాత్రమే అటూ ఇటూ మార్చి మళ్లీ చూస్తే అదీ తేలిపోతుంది. పీ0303 అలాగే ఉంటే కాయిల్ నిర్దోషి. తర్వాత ప్లగ్గు మార్చి చూడాలి, కొత్తగా వేసినదే కాబట్టి తేలికగానే వస్తుంది, అయినా ఇంజన్ చల్లారాకే. అదీ కాకపోతే ఇంజెక్టరు, వైరింగు, చివరికి కంప్రెషన్.

ఒకేసారి కాయిల్, ప్లగ్గు రెండూ మార్చి చూసేవాళ్లున్నారు. మిస్సింగ్ వెంట వెళ్లిందని తెలుస్తుంది, దేని వెంట వెళ్లిందో తెలియదు.

నడుస్తున్న ఇంజన్‌లో ఒక్కో కాయిల్ కనెక్టరు పీకి ‘ఏది పీకితే తేడా ఉండదో అదే దోషి’ అని పట్టే పాత పద్ధతి ఇక్కడ పనికొస్తుంది గానీ, కాయిల్ బదులు ఇంజెక్టరు కనెక్టరు తియ్యడం మేలు. కాయిల్ తీస్తే ఆ సిలిండరు పెట్రోలంతా పచ్చిగా కన్వర్టరులోకి పోతుంది, ఇంజెక్టరు తీస్తే పోదు.

కోడ్ రాకుండా వణికే బండికి స్కానరులోని మోడ్ 6 పనికొస్తుంది. కంప్యూటరు లైటు వెలిగించకుండా తనలో దాచుకున్న మిస్‌ఫైర్ లెక్క అక్కడ ఉంటుంది. కంప్యూటర్లు క్యాన్ అనే పద్ధతిలో మాట్లాడుకునే బండ్లలో మానిటరు ఏ2 అంటే ఒకటో సిలిండరు, ఏ3 రెండోది, అలా ఏ9 ఎనిమిదోది. ప్రతిదాని కింద పరీక్ష 0సీ ఈ ప్రయాణంలోని మిస్సులు, 0బీ గత పది ప్రయాణాల సగటు. ఏడు సిలిండర్లకు సున్నా ఉండి ఒకదానికి 40 కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఫోర్‌స్కాన్ యాప్ ఇది ఇంకా తేలికగా చూపిస్తుంది.

దీనికో మెలిక ఉంది. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ తీసినవాళ్లకు తర్వాత కొంతకాలం మిస్‌ఫైర్ లెక్కలే కనపడవు. క్రాంకు చక్రం పళ్లలోని సహజమైన తేడాలను కంప్యూటరు మళ్లీ నేర్చుకోవాలి, అప్పటిదాకా మిస్సింగ్‌ను నమ్మకంగా పట్టుకోలేదు. ఖాళీ రోడ్డు మీద గంటకు 60 మైళ్లకు ఎక్కించి, బ్రేకు ముట్టకుండా, యాక్సిలరేటరు పూర్తిగా వదిలి 40 దాకా దిగనివ్వండి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే నేర్చుకుంటుంది. ఇది తెలియకపోతే ‘వణుకుతోంది గానీ కోడ్ లేదు, అంటే గేరుబాక్సే’ అన్న తప్పుదారి మళ్లీ తెరుచుకుంటుంది.

ప్లగ్గులది తప్పు కానప్పుడు

మిస్సింగ్ ఉండబట్టే ప్లగ్గులు మార్చి, అది పోకపోతే, ఈ బండికున్న పాత జబ్బులు చూడాలి. వేడెక్కాక ఐడిల్‌లో ‘టకటక’ శబ్దంతో గరుగ్గా నడుస్తుంటే కామ్ ఫేజర్లు (వాల్వులు తెరుచుకునే వేళను సర్దేవి), వాటికి అందే ఆయిలు ఒత్తిడి. ముందు డిప్‌స్టిక్ చూడండి. ఈ ఇంజన్‌కు 7 క్వార్టుల 5డబ్ల్యూ-20 పడుతుంది, అంటే 6.6 లీటర్లు. ఆయిలు తగ్గితే మొదట గోల పెట్టేవి ఫేజర్లే.

అన్ని సిలిండర్లూ వంతులవారీగా మిస్సవుతూ, లోడు మీద ఊపిరాడనట్టు చేస్తుంటే పెట్రోలు ఒత్తిడిని అనుమానించాలి. 2004 నుంచి 2008 ఎఫ్-150లలో ఫ్యూయల్ పంపును నడిపే మాడ్యూల్‌ను స్టెప్నీ టైరు పైన, చాసిస్ మీద బిగించారు. దాని అల్యూమినియం వీపు ఉక్కుకు ఆనుకుని, మంచు రోడ్ల ఉప్పునీళ్లకు తుప్పు పట్టి చిల్లు పడుతుంది. స్టెప్నీ దించి టార్చి వేస్తే తెల్లటి పొడి రాలుతూ కనిపిస్తుంది. ఉత్తరాది రాష్ట్రాల నుంచి తెచ్చిన బండయితే ఇది ముందే చూడటం మంచిది.

ఒక్క సిలిండరే మొండికేసి, కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టరు అన్నీ మార్చి చూసినా కదలకపోతే కంప్రెషన్ గేజి పెట్టాలి. ఫోర్డు లెక్కలో అతి తక్కువ సిలిండరు, అతి ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఒక చెంచా ఇంజన్ ఆయిలు ఆ సిలిండరులో పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వు. ఆ సిలిండరులోనే ప్లగ్గు విరిగి ఉంటే, పైన చెప్పిన పింగాణీ ముక్కను గుర్తు తెచ్చుకోండి.

చెవీ సిల్వరాడో, జీఎంసీ సియెరా 5.3 లీటర్ల ఇంజన్ వాళ్లకు రెండు ముక్కలు. అక్కడ డ్రైవరు వైపు బేసి అంకెలు, ప్రయాణికుడి వైపు సరి అంకెలు. కాయిల్ ప్లగ్గు మీద కూర్చోదు, వాల్వు కవరు మీదుంటుంది, పొట్టి వైరుతో ప్లగ్గుకు కలుస్తుంది. ఆ వైరును బూటు పట్టుకుని తిప్పి లాగాలి. వైరు పట్టుకుని లాగితే లోపలి పోగు తెగుతుంది, మిస్సింగ్ వెంటనే వస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు ఎగ్జాస్టు గొట్టానికి తగిలితే వారంలో కాలుతుంది. ఇక సిలిండర్లను ఆపి పెట్రోలు ఆదా చేసే ఏఎఫ్ఎం ఉన్న 5.3లో 1, 4, 6, 7లో ఒకటి మాత్రమే మిస్సవుతూ, పైనుంచి ‘టిక్ టిక్’ వినిపిస్తే ప్లగ్గును వదిలేసి ఆ సిలిండరు లిఫ్టరు (వాల్వును ఎత్తే భాగం) కూలిందేమో చూడండి. ఆపివేతకు లోనయ్యే సిలిండర్లు సరిగ్గా ఆ నాలుగే.